తువ్వాల కింద బేరం

మా ఇంటికి కిటికీలకన్నా కెమెరాలు ఎక్కువ. సరూర్‌నగర్ చెరువు వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు మాది. దోచుకుపోదామని ఏ దొంగయినా లోపలికి వస్తే, వాడే జాలిపడి ఏదో ఒకటి పెట్టి పోవాలి. అయినా మా నాయిన జంగయ్య గేటు మీద ఒకటి, మెట్ల మీద ఒకటి, గల్లీ ఈ మూలకొకటి, ఆ మూలకొకటి కెమెరాలు బిగించాడు. కాలనీ భద్రతా కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే. ఎవరూ ఎన్నుకోలేదు. కొడుకును బాంబు పేలుడులో పోగొట్టుకున్న మనిషి "నేను చూసుకుంట" అంటే, వద్దనే నోరు ఎవరికుంటుంది?

దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన సాయంత్రం మా అన్న జగన్ ఆ బస్టాపు దగ్గరే ఉన్నాడు. ఇంటర్ చదివేవాడు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను, తమ్ముడు మహేష్ నాలుగో తరగతి. ఆ తర్వాత మా ఇంట్లో అన్న ఫోటో ఉంది, ఫోటోకు దండ ఉంది, అన్న పేరు మాత్రం లేదు. మొదట్లో ఆ పేరు వింటే అమ్మకు చేతులు వణికేవి. ఆమెకు యాది చెయ్యొద్దని ఏ డాక్టరో అన్నాడు. నాయిన ఆ ఒక్క మాటను పట్టుకుని ఇల్లంతటికీ తాళం వేశాడు. ఆయన నోట అన్న పేరు నేను మళ్లీ వినలేదు. ఆయన దుఃఖమంతా ఇనుప గ్రిల్లులకూ తాళాలకూ పోయింది.

నేను చెప్పేది పోయినేడు మామిడి కాలం సంగతి. స్కూలుకు సెలవులిచ్చాక, పిల్లలకు పాఠాలు చెప్పే పని తప్పి, ఎల్బీనగర్‌లోని అత్తగారింటి నుంచి నాయినకు సాయం చేద్దామని వచ్చాను. నాయిన నల్లగొండ పక్క మా ఊరి చుట్టూ తోటలు గుత్తకు పట్టి, కాయ దించి, బాటసింగారం పండ్ల మార్కెట్‌కు తెస్తాడు. ఆ రెండు మూడు నెలలు మా ఇంట్లో ఏ బట్ట చూసినా మామిడి సొన మరకే, ఏ మూల చూసినా ఆ వాసనే.

మహేష్ డిగ్రీ అయిపోయి, దిల్‌సుఖ్‌నగర్‌లో కానిస్టేబుల్ పరీక్షకు కోచింగ్ తీసుకుంటున్నాడు. నోటిఫికేషన్ రేపు, ఎల్లుండి అంటుంటే వాడు అవే పుస్తకాలు మళ్లీ మళ్లీ తిరగేస్తున్నాడు. మొదట నాకు వాడిలో పెద్ద తేడా ఏమీ కనబడలేదు. ఫోనెప్పుడూ చేతిలోనే ఉంటుంది, ఏ ఇంట్లో లేదు గనక? సాయంత్రం కాగానే "అన్న దగ్గరికి పోయొస్త" అనేవాడు. ఏ అన్న అంటే, "నీకెర్కలే అక్కా, మంచి మనిషి" అనేవాడు. మా ఇంట్లో వాడి నోట "అన్న" అనే మాట వింటే నా చూపు ఫోటో మీదికి పోయేది. కానీ ఆ మాట కూడా పైకి అనలేదు.

ఒకరోజు తోపుడుబండి మీద అరటిపండ్లొచ్చాయి. అమ్మ డజను తీసుకుంది. మహేష్ గేటు దాకా వచ్చి బండబ్బాయిని, "నీ పేరేంది?" అని అడిగాడు. ఆ పిల్లవాడు పేరు చెప్పాడు. మహేష్ పండ్లు తీసుకుపోయి మోరీలో పారేశాడు.

అమ్మకు మతి పోయింది. "ఏం రోగం రా నీకు? పండు తియ్యగుందా అని అడుగుతరు గాని, పండ్లమ్మెటోని పేరు అడుగుతరా?"

"నీకేం తెల్వదమ్మా" అని వాడు లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

ఆ సాయంత్రమే నేను నాయినను పట్టుకున్నాను. ఆయన మంచం మీద కూర్చుని ఫోన్లో కెమెరా బొమ్మలు చూసుకుంటున్నాడు. "నాయినా, చిన్నోడు ఏదో తీరుగున్నడు. జర వాన్ని కూసోబెట్టుకోని మాట్లాడు."

"గేటు లోపల్నే ఉన్నడు గదా బిడ్డా" అన్నాడు ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండానే. "బయటి నుంచి ఎవడు రాకుండ నేను చూస్తనే ఉన్న. ఇంట్లున్నోనికి ఏమైతది?"

నిజమే కదా అనుకున్నాను. అనుకోవడం సులువు.

* * *

బంగినపల్లి జోరుగా దిగుతున్న రోజుల్లో నాయిన మోకాలు పట్టేసింది. కాయ దించడానికి మనుషులు చాలక మహేష్‌ను, నన్ను కూడా తెల్లారేసరికి ట్రాలీ ఆటోలో బాటసింగారం తీసుకుపోయాడు. వాడు మార్కెట్‌కు రావడం అదే మొదలు. ఇన్నేళ్లూ, "వాడు చదువుకునేటోడు, వానికెందుకు" అని నాయినే రానివ్వలేదు.

మార్కెట్లో ఇప్పుడంతా మైకు పెట్టి వేలంపాట, ఫోన్లో ధరలు. పాతకాలం వాళ్లు కొందరు మాత్రం ఇంకా తువ్వాల కిందే బేరమాడతారు. అమ్మేవాడు, కొనేవాడు కుడిచేతులు కలిపితే పైన తువ్వాల కప్పుతారు. లోపల ఏ వేలు నొక్కితే ఎంత ధర అన్నది ఆ ఇద్దరికే తెలుస్తుంది. చుట్టూ ఎందరు నిలబడ్డా మాట బయటికి రాదు. బేరం తెగేదాకా ఆ తువ్వాలను మూడో మనిషి ఎత్తకూడదు. ఎత్తితే ఇద్దరి పరువూ మార్కెట్లో పోయినట్టే.

మా నాయిన కాయ ఎప్పుడూ కొనేది ఖాజా భాయ్. సైదాబాద్ మనిషి. మా ఇంటికి రెండు గల్లీల అవతల చెరువు కట్ట కింద ఆయనకు రేకుల షెడ్డు ఉంది. అందులో ఎండుగడ్డి పరిచి కాయ మాగబెడతాడు. నాయినకూ ఆయనకూ పండ్ల మార్కెట్ కొత్తపేటలో ఉన్న రోజుల నుంచి బేరం. అన్న పోయిన రాత్రి దవాఖానలో శవాల మధ్య నాయిన భుజం పట్టుకుని నిలబెట్టింది ఆయనేనని అమ్మ ఒకసారి నాకు చెప్పింది. కర్మలన్నీ అయ్యాక నాయిన మార్కెట్‌కు పోయిన మొదటి రోజు సంగతి ఒక ముసలి హమాలీ చెప్పాడు. ఖాజా భాయ్ తువ్వాల కింద చెయ్యి పెట్టి ఏ వేలూ నొక్కలేదట. ఊరికే పట్టుకుని నిలబడ్డాడట. చూసేవాళ్లు బేరం తెగడం లేదనుకున్నారు.

కానీ ఆ ఇద్దరూ నోరు విప్పి ఆ విషయం ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఖాజా భాయ్ మా గడప తొక్కలేదు, నాయిన పిలవలేదు. మహేష్‌కు ఇవేవీ తెలియవు.

ఆ పొద్దు ఖాజా భాయ్ వెంట ఆయన మేనల్లుడు షోయబ్ వచ్చాడు. బతికుంటే మా అన్నది ఆ ఈడే. పేలుళ్ల తర్వాత ఎవరో ఎవరి పేరో చెబితే పోలీసులు పట్టుకుపోయి, కొన్నాళ్లకు ఏమీ లేదని వదిలేసినవాళ్లలో వాడొకడు. బయటికొచ్చాక ఏడాది పాటు మాట్లాడలేదని చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు నన్ను చూసి, "చెల్లె, ఈ గంపలో కాయ ఇంటికి తీస్కపో, రేపటికి పండుతది" అన్నాడు. కాయను వేలితో తట్టి చూపించాడు.

నాయిన, ఖాజా భాయ్ చేతులు కలిపారు. నాయిన భుజం మీది తువ్వాల చేతుల మీద పడింది. ఇద్దరూ ఎటో చూస్తున్నారు, అదీ అలవాటే. మహేష్ కాయల క్రేటు మోసుకొస్తూ చూశాడు. క్రేటు కింద పెట్టి నిలబడ్డాడు. ముందు వాడికి అర్థం కాలేదనుకుంటాను. తర్వాత ఖాజా భాయ్ టోపీ వంక, గడ్డం వంక చూసి రెండంగల్లో వచ్చి తువ్వాల గుంజేశాడు.

కింద రెండు చేతులున్నాయి. సొన కాలిన మచ్చలు రెండింటి మీదా ఉన్నాయి.

"ఇంట్ల ఫోటోకు దండేస్తవ్, ఈడ గీల్ల చెయ్యి పడ్తవా నాయినా?" వాడు తువ్వాల నేలకు విసిరాడు. "సిగ్గనిపిస్తలేదా?"

పక్క బేరాలవాళ్లు ఇటు తిరిగారు. నాయిన ముఖం నల్లబడింది. ఖాజా భాయ్ కిందపడ్డ తువ్వాల తీసి, దుమ్ము దులిపి, మడత పెట్టి నాయిన భుజాన వేశాడు.

"ఎండకు తిరుగుతుండు పిల్లగాడు. ఇంటికి తీస్కపో జంగన్నా" అన్నాడు.

ఇంటికి రాగానే నాయిన ఏం చేశాడో చెప్పమంటారా? దిల్‌సుఖ్‌నగర్ పోయి ఇంకో తాళం కొనుక్కొచ్చాడు. మహేష్ బయట తిరక్కుండా గేటుకు వేశాడు. ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే. నాకప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది.

* * *

ఆ వారమే శుక్రవారం మిట్ట మధ్యాహ్నం, కుక్క కూడా నీడ వదిలి కదలని వేళ, చెరువు కట్ట కింద నుంచి పొగ లేచింది. ఖాజా భాయ్ షెడ్డు. ఎండుగడ్డి కదా, మనుషులు బిందెలతో ఉరికేసరికి రేకులు ఎర్రబడ్డాయి. అందరూ నమాజుకు పోయారు, లోపల ఎవరూ లేరనే అనుకున్నారు. షోయబ్‌కు జ్వరమొచ్చి క్రేట్ల వెనక పడుకున్నాడని ఖాజా భాయ్‌కు ఒక్కడికే తెలుసు. మసీదు నుంచి ఉరికొచ్చి, కాలుతున్న ఇనుప గొళ్లాన్ని ఉత్త చేతులతో పట్టి గుంజి, మేనల్లుణ్ణి ఈడ్చుకొచ్చాడు. షోయబ్‌కు వీపు కాలింది. ఖాజా భాయ్ చేతుల తోలు గొళ్లానికే అంటుకుపోయిందని చెప్పారు.

నాయిన వింటూనే చెప్పులేసుకున్నాడు. అంతలో ఎస్సై ఫోన్ చేశాడు. "జంగయ్యగారూ, మీ గల్లీ కెమెరాల్లో ఏమన్నా పడిందేమో చూడండి."

"అన్ని పడ్తయి సార్, ఎటుపోతడు వాడు!" అన్నాడు నాయిన. ఆ మాటలో ఎంత ధీమా ఉందో నాకింకా చెవుల్లో ఉంది. ఇన్నేళ్లూ ఆయన ఆ ఒక్క క్షణం కోసమే కెమెరాలు పెట్టినట్టు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మధ్యాహ్నం రికార్డు వెనక్కి తిప్పాడు.

ఖాళీ గల్లీ. ఎండ. మా ప్రహరీ మీద అమ్మ ఆరబెట్టిన మామిడి ఒరుగులు. తర్వాత ప్రహరీ మీదికి ఒక చెయ్యి వచ్చింది, ఆ వెనక మనిషి. మహేష్. గేటుకు రెండు తాళాలున్నాయి గనక గోడ దూకుతున్నాడు. చేతిలో తెల్ల డబ్బా. దూకి రెండడుగులు పోయినవాడు మళ్లీ వెనక్కి వచ్చాడు. ఒరుగుల మీద వాలిన కాకిని అదిలించి, పక్కకు జారిన గుడ్డను సరిగ్గా కప్పి, అప్పుడు పోయాడు.

నాయిన ఆ ముక్క మళ్లీ చూశాడు. ఇంకోసారి చూశాడు. నేను ఫోన్ ఆయన చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాను.

మహేష్ లోపలి గదిలోనే ఉన్నాడు, గోడకు ఆనుకుని. చొక్కాకు పెట్రోలు వాసన. "లోపల మనిషున్నడని నాకెర్కలే అక్కా" అన్నాడు, మేమింకా ఏమీ అడగక ముందే. "అమ్మతోడు, నాకెర్కలే."

నాయిన కొడతాడనుకున్నాను. ఆయన వాడి ఎదురుగా నేల మీద కూలబడ్డాడు, మోకాలు వంగకపోయినా. "ఎందుకు రా?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నాయిన వాణ్ణి అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో.

మహేష్ నోరు విప్పాడు. విప్పాక ఆగలేదు. "గా దినం కంపాస్ బాక్స్ కావాల్నని ఏడ్చింది నేను. లేకపోతే టీచర్ కొడ్తదని. జగనన్న చదువుకుంటుండె. 'తమ్మీ, ఏడ్వకురా, తెస్త' అని నా కోసమే దిల్‌సుఖ్‌నగర్ పోయిండు. నేను పంపిన. మీరెవ్వరు నన్ను ఏమన్లే. ఒక్కసారన్న తిడితే మంచిగుండు. పేరే తియ్యకపోతిరి. నేనే చంపినట్టు అనుకోని పండుకునేటోన్ని. పొద్దుమూకి పోత గదా, ఆ అన్న ఒక్కడే నన్ను కూసోబెట్టి అడిగిండు, మీ అన్న పేరేంది, ఎట్లుండెటోడు అని. అంత విని, 'నీ తప్పు గాదు తమ్మీ, గీల్లది' అన్నడు. ఆ దినం నాకు నిద్ర పట్టింది."

మేం అడగాల్సిన మాటను ఎవడో అడిగి, మా పిల్లవాణ్ణి తీసుకుపోయాడు. అంతే జరిగింది.

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. అన్న పేరు ఇన్నేళ్ల తర్వాత ఆమె చెవిన పడింది. నేను పట్టుకుందామని లేచాను. ఆమె చేతులు వణకలేదు. నెమ్మదిగా వచ్చి మహేష్ తల తన కడుపుకు ఆనించుకుంది.

"కంపాస్‌కు పైసలిచ్చి, తొందరగా పోయి రా అని తోలింది నేను బిడ్డా" అంది. "ఇన్ని దినాలు నేను గూడ గదే మోస్తున్న."

నాయిన లేచి ముఖం కడుక్కున్నాడు. తువ్వాల భుజాన వేసుకున్నాడు. గేటుకున్న రెండు తాళాలూ తీసి, కొడుకు చెయ్యి పట్టుకుని, తనే పోలీస్ స్టేషన్‌కు నడిపించుకుపోయాడు. ఎస్సై రికార్డు చూసుకుని, "మీ కెమెరాలు మంచిగ పనిచేసినయి జంగయ్యగారూ" అన్నాడట. పాపం, మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. మహేష్ సాయంత్రాలు పోయి కలిసే ఆ 'అన్న' ఫోన్ మాత్రం మధ్యాహ్నం నుంచీ స్విచాఫ్.

* * *

మర్నాడు నాయినతో నేనూ దవాఖానకు పోయాను. ఖాజా భాయ్ మంచం మీద వెనక్కి వాలి కూర్చున్నాడు. రెండు చేతులూ మోచేతుల దాకా తెల్లటి కట్లు. మమ్మల్ని చూసి ఆయన ఇంటి ఆడవాళ్లు లేచి బయటికి వెళ్లిపోయారు. ఒకామె పోతూ పోతూ నాయిన వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను.

నాయిన నిలబడ్డాడు, కూర్చున్నాడు. చివరికి ఆయన చెయ్యి తనంతట తానే భుజం మీది తువ్వాల తీసి ఖాజా భాయ్ చేతి వైపు కదిలింది. కట్టు దగ్గర ఆగిపోయింది.

"వేళ్లు పనిచెయ్యవు జంగన్నా" అన్నాడు ఖాజా భాయ్. "చెప్పేదేమన్న ఉంటే నోటితోనే చెప్పు."

నాయిన తువ్వాలను మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాడు. "మా చిన్నోడే భాయ్. వానే పెట్టిండు."

"ఎర్కే. నిన్న సాయంత్రమే పోలీసోళ్లు చెప్పిన్రు." ఖాజా భాయ్ కళ్లు మూసుకున్నాడు. "రాత్రంత నీ మీద మస్తు కోపమొచ్చింది. కొడుకుకు గంత కావలి కాస్తివి, ఎన్నడన్న పక్కన కూసోబెట్టుకున్నవా?"

"లేదు."

"మా షోయబ్ ఠాణా నుంచి వచ్చినప్పుడు గిట్లనే ఉండె. దిల్ల మంట. వాని దగ్గరికి గూడ వచ్చిన్రు, తియ్యటి మాటలు చెప్పెటోళ్లు. నేను ఫోన్ గుంజుకోలే, తాళమెయ్యలే. పక్కన కూసోబెట్టి కాయ ఏరిపించిన. వాడు పలుకకున్నా నేను ముచ్చట పెడ్తనే ఉన్న. రెండు మామిడి కాలాలు పోయినంక నోరు తెరిచిండు." ఆయన వార్డు చివరి మంచం వైపు చూశాడు. "నిన్నటి నుంచి మళ్ల మూసిండు. గా గోడ దిక్కే చూస్తుండు. నా భయం గీ చేతుల గురించి గాదు జంగన్నా. వాని గురించి."

నాయిన తువ్వాలతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. అన్న పోయినప్పుడు కూడా ఆయన అంత పైకి ఏడవలేదు. ఖాజా భాయ్ ఆపలేదు, ఓదార్చలేదు. ఏడుపు సద్దుమణిగాక, మార్కెట్లో ధర చెప్పినంత మామూలుగా అన్నాడు:

"ఒక బేరం జేద్దాం. చేతులు మానినంక నేను జైలుకు పోత. నీ కొడుకు ముంగట కూసుంట. తిట్టినా, మొకం తిప్పుకున్నా మళ్ల మళ్ల పోత. నువ్వు మా షోయబ్ దగ్గర కూసో. నేను చెప్తే వాడు వినడు ఇప్పుడు. నువ్వే చెప్పాలె."

"నేనేం చెప్పాలె భాయ్ వానికి? ఏ మొకం పెట్టుకోని?"

"గదే మొకం పెట్టుకోని పో. ఇంకోటి యాడికెల్లి వస్తది?"

నాయిన లేచాడు. షోయబ్ అదే వార్డులో ఆ చివరి మంచం మీద బోర్లా పడుకుని, ముఖం గోడవైపు తిప్పుకుని ఉన్నాడు. వీపంతా మందు పూసి గుడ్డ కప్పారు. నాయిన పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. తువ్వాల మోకాళ్ల మీద పరుచుకుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు. నర్సు వచ్చి సెలైను చూసుకుని పోయింది. ఇక ఆయన వల్ల కాదేమో, లేపుకుని పోదామా అనుకున్నాను.

"మా పెద్దోని పేరు జగన్, బిడ్డా" అన్నాడు నాయిన.

ఆ పేరు ఆయన గొంతులో తుప్పు పట్టిన తాళంలా తిరిగింది.

"మామిడిపండు తింటే సొక్కంత ఖరాబ్ చేసుకునేటోడు. వాళ్లమ్మ తిట్టేది..."

షోయబ్ ఇటు తిరగలేదు. నాయిన చెబుతూనే ఉన్నాడు.